జైలు గోడకు తలుపు

1996 జూన్ మొదటి వారంలో కృష్ణా డెల్టాలోని ఒక తాలూకా ఊరికి నన్ను సబ్ జైలు సూపరింటెండెంటుగా వేశారు. ఊరి పేరు రాయడం లేదు. అప్పట్లో నాతో పనిచేసినవాళ్లు కొందరు ఇంకా అక్కడే ఉన్నారు. మా ఇల్లు విజయవాడ సత్యనారాయణపురంలో. నా భార్య అక్కడే హైస్కూల్లో లెక్కల టీచరు. నేను జైలు పక్కనే ఉన్న క్వార్టర్లో ఉండేవాణ్ణి, సెలవు దొరికిన ఆదివారాల్లో ఉయ్యూరు, కంకిపాడు మీదుగా బస్సులో ఇంటికి వచ్చేవాణ్ణి.

సూపరింటెండెంట్ అన్నది పెద్ద మాటే గాని, సబ్ జైలు వరకు అది డిప్యూటీ జైలర్ హోదా. సెంట్రల్ జైలు సూపరింటెండెంట్ కూర్చోమంటే తప్ప ఆయన ముందు మేం కూర్చోం. నా కింద ఒక హెడ్ వార్డరు, ఆరుగురు వార్డర్లు ఉండేవారు. సబ్ జైల్లో శిక్ష పడినవాళ్లు తక్కువ. ఎక్కువమంది రిమాండు ఖైదీలు, అంటే కేసు ఇంకా తేలనివాళ్లు. చట్టం ప్రకారం వాళ్లింకా నేరస్థులు కారు. ఈ సంగతి మా శాఖలో అందరూ ట్రైనింగులోనే చదువుకుంటారు.

మా జైలూ, మేజిస్ట్రేట్ కోర్టూ పాత తాలూకా కచేరీ ఆవరణలోనే ఉండేవి. రెండిటికీ మధ్య ఒకే గోడ. జైలు గేటు మాత్రం బస్టాండు రోడ్డు వైపుకు, కోర్టు ముఖద్వారం వెనక వీధిలోకి. గేటు దాటి, రోడ్డు మీద చుట్టు తిరిగి కోర్టుకు చేరడానికి అయిదారు నిమిషాలు పట్టేది. పొద్దున పదిన్నరకు కోర్టు మొదలవగానే బంట్రోతు పేర్లు పిలిచేవాడు. ఆ పిలుపు మా పెరట్లోకి స్పష్టంగా వినిపించేది.

రిమాండు ఖైదీని మేజిస్ట్రేట్ ఒక విడతకు పదిహేను రోజులకు మించి జైల్లో ఉంచమనడానికి లేదు. మామూలుగా పద్నాలుగు రోజులకు వాయిదా వేస్తారు. గడువు పెంచాలంటే మనిషిని ఎదుట నిలబెట్టాలి. అయితే ఖైదీ జైలు గేటు దాటాడంటే అతని బాధ్యత పోలీసులది. దానికోసం బందరు నుంచి సాయుధ పోలీసులు ఎస్కార్టుగా రావాలి. ముందురోజు మేం కాగితం పంపాలి, వాళ్లు మనుషుల్ని పంపాలి. పంపలేకపోతే వైర్‌లెస్‌లో ఒక్క ముక్క వచ్చేది, సిబ్బంది లేరని. అప్పుడు ఖైదీకి బదులు అతని రిమాండు వారంటును మా వార్డరు పట్టుకెళ్లేవాడు. కోర్టు గుమాస్తా దాని మీద ముద్ర వేయించి, కొత్త తేదీ రాయించి ఇచ్చేవాడు. వార్డరు దారిలో టీ తాగి అరగంటలో వచ్చేసేవాడు. కాగితం ఏ ఎస్కార్టూ లేకుండా వెళ్లి వచ్చేది, మనిషి మాత్రం బ్యారక్‌లోనే ఉండిపోయేవాడు.

నేను చేరిన మొదటి నెలల్లో నాకిది తప్పుగా తోచలేదు. ఇంతకుముందు పనిచేసిన చోట్ల కూడా ఇదే చూశాను. చూసి చూసి అలవాటు పడ్డాను. ఈ మాట దాచి మిగతాది చెప్పడం న్యాయం కాదు.

అక్టోబరు రెండో వారంలో నాంచారయ్య అనే అతన్ని రిమాండు మీద తెచ్చారు. కొల్లేటి లంక గ్రామంవాడు. నలభై అయిదేళ్లుంటాయి. తాతల నాటి నుంచి సరస్సులో వల వేసి బతికే కుటుంబం. కేసు దొంగతనం. వానలకు ఒక చేపల చెరువు గట్టు తెగి, చెరువులో పెంచుతున్న శీలావతి, బొచ్చె కొల్లేట్లోకి వెళ్లిపోయాయి. నాంచారయ్య ఎప్పటిలాగే వల వేశాడు, అవి పడ్డాయి. చెరువు యజమాని వచ్చి ఆ చేపలు తనవన్నాడు. మాటా మాటా పెరిగి పోలీసు రిపోర్టు దాకా పోయింది.

అతని భార్య వీరమ్మ. ములాఖత్‌కు, అంటే ఖైదీని చూడడానికి, ఆవిడ వారానికి ఒకసారి వచ్చేది. లంక నుంచి గట్టు దాకా పడవ, అక్కణ్ణించి రెండు బస్సులు. బెయిలుకు ఇద్దరు జామీనుదార్లు, అంటే పూచీ ఉండేవాళ్లు, కావాలని వకీలు చెప్పాడట. ఆవిడ ఊళ్లో కాళ్లావేళ్లా పడి, కాస్త భూమి ఉన్న ఇద్దరిని ఒప్పించి, పాసుపుస్తకాలతో సహా వాయిదా రోజున కోర్టుకు తీసుకొచ్చేది. మనిషి కోర్టుకు రాలేదు కాబట్టి బెయిలు మాట వచ్చే వాయిదాకు చూద్దామనేవాడు వకీలు. రెండు వాయిదాలు అలాగే పోయాయి.

రెండోసారి ఆవిడ కోర్టు నుంచి నేరుగా మా గేటు దగ్గరకు వచ్చింది. ఆ రోజు ములాఖత్ లేదు. హెడ్ వార్డరు ఏసుదాసు వెళ్లిపొమ్మంటున్నాడు. నేను ఆఫీసు గదిలోంచి బయటకు వచ్చాను.

“అయ్యా, ఒక్క ముక్క అడిగి ఎల్లిపోతానండీ,” అంది. “ఇందాక ఆ బంట్రోతు మా ఆయన్ని పేరెట్టి మూడుసార్లు పిలిచాడండీ. గోడకి అవతల ఆయనున్నాడు, ఇవతల నేనున్నాను. ఆయన్ని ఈ గోడ దాటించడానికి బందరు నుంచి పోలీసోళ్లు రావాలంటండీ? ఇదేవన్నా సముద్రమా?”

నేను నిబంధన వివరించాను. ఆవిడ అంతా విని, “మీరు చెప్పింది నాకు తెలిసిందండీ. నేనడిగినదానికి మాత్రం మీరు చెప్పలేదు,” అని వెళ్లిపోయింది.

ఆ నవంబరులోనే పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. జైళ్ల నిర్వహణ మెరుగుపరచడానికి ప్రతిపాదనలు పంపమనీ, ఒక కమిటీ వాటిని పరిశీలిస్తుందనీ. దానికి ఒక ఫారం ఉంది. ఎడమ పక్క కాలమ్‌లో అయ్యే ఖర్చు, కుడి పక్క కాలమ్‌లో ప్రభుత్వానికి కలిగే ప్రయోజనం. ప్రయోజనాన్ని వీలైనంత వరకు రూపాయల్లో చూపాలని కింద గమనిక. మామూలుగా అందరూ రాసేది ఫ్యాన్లు, గోడ మీద ముళ్లకంచె, పెరట్లో ఇంకో బోరు. నేను కూడా బోరే రాద్దామనుకుని కూర్చున్నాను.

చివరికి రాసింది తలుపు. జైలుకూ కోర్టుకూ మధ్య ఉన్న గోడలో ఒక దారి. ఇనుప తలుపులు రెండు, వాటి మధ్య ఆరడుగుల గది. ఒకటి తెరిచినప్పుడు రెండోది మూసి ఉండాలి. జైలు గేట్లన్నీ అసలు ఈ సూత్రం మీదే కడతారు. లోపలి తాళంచెవి మాకు, బయటి తాళంచెవి కోర్టుకు. ఖైదీ రోడ్డెక్కడు కాబట్టి ఎస్కార్టుతో పని లేదు. ఖర్చు కాలమ్ నింపడానికి ఊళ్లో మేస్త్రీని పిలిచి అంచనా వేయించాను. పెద్ద మొత్తమేం కాదు. ప్రయోజనం కాలమ్‌లో మాత్రం రూపాయలు రాయలేదు. కోర్టుకు హాజరు కాకుండా ఉండిపోయిన ఖైదీల పేర్లు, ఒక్కొక్కరికీ అలా ఎన్ని వాయిదాలు పోయాయో రాశాను. ఆ జాబితా కాలమ్‌లో పట్టక వెనక పేజీకి వెళ్లింది.

డిసెంబరులో అది తిరిగొచ్చింది. భద్రతకు విరుద్ధమనీ, ఆదా చూపలేదనీ రెండు వాక్యాలు. దానికి ముందే జిల్లాలో సబ్ జైళ్లన్నిటి మీదా ఉండే మా అధికారి ఫోన్ చేశారు. ఆయన మంచివాడే. నవ్వుతూనే అన్నారు, “ఏవయ్యా, గోడలు ఎత్తు పెంచమన్నవాళ్లని చూశా గానీ, గోడకి కన్నం వెయ్యమన్న జైలు ఆఫీసర్ని నిన్నే చూస్తున్నా. కన్నాలు వేసేవాళ్లనేగా మనం లోపల పెట్టేది!”

ఆ గోడ భవనాల శాఖది, దాని అవతలి మొహం కోర్టుది, ఇవతలి మొహం మాది. ముగ్గురిలో ఎవరొప్పుకున్నా మిగతా ఇద్దరూ ఒప్పుకోవాలి. ఊరుకోమని ఆయన సలహా ఇచ్చారు. ఊరుకోనని అప్పుడే చెప్పలేదు. అదే ప్రతిపాదనను ఒక్క అక్షరం మార్చకుండా, పేర్ల జాబితాలో కొత్తగా చేరినవాళ్లను మాత్రం కలిపి, మళ్లీ పంపాను.

ఈలోగా నాంచారయ్యకు జైల్లో అరవై రోజులు దాటాయి. ఇలాంటి కేసులో అరవై రోజుల్లోగా పోలీసులు చార్జిషీటు వేయకపోతే, జామీను ఇవ్వగలిగిన ముద్దాయికి బెయిలు హక్కుగా వస్తుంది. ఎవరి దయా అక్కర్లేదు. చార్జిషీటు రాలేదు. కానీ ఆ హక్కు కోర్టులో నిలబడి అడిగితేనే పనిచేస్తుంది. అడగాల్సినవాడు కోర్టు ముఖం చూసి రెండు నెలలు దాటింది. వకీలు మళ్లీ వాయిదా మాటే చెప్పాడు. సంక్రమించిన హక్కు వాయిదాల మధ్య ఎలా కరిగిపోతుందో నేను రిజిస్టరులో తేదీలు రాస్తూ చూశాను.

జనవరి మొదటి వారంలో ఒక రోజు పదకొండు మందికి వాయిదా పడింది. అందులో నాంచారయ్య ఒకడు. విజయవాడకు మంత్రి వస్తున్నాడు, బందోబస్తు ఉంది, ఎస్కార్టు పంపలేమని తొమ్మిదింటికి వైర్‌లెస్ వచ్చింది. వారంట్లు పట్టుకెళ్లే వార్డరు అలవాటుగా ఫైలు కోసం నా బల్ల దగ్గరకు వచ్చాడు. అతనికి ఫైలు ఇవ్వలేదు. ఏసుదాసును పిలిచి, పదకొండు మందినీ మనమే కోర్టుకు తీసుకెళ్తున్నామని చెప్పాను.

అతను తలుపు దగ్గరగా వేసి, “అయ్యా, నాకు ఎనిమిది నెలలే సర్వీసుంది. ఒక్కడు పారిపోయినా మీ ఉద్యోగం పోద్ది, నా పెన్షన్ పోద్ది. కేసు కూడా పెడతారండి,” అన్నాడు.

అతను చెప్పింది అక్షరాలా నిజం. ఖైదీని అజాగ్రత్తతో తప్పించుకోనిచ్చిన అధికారి మీద కేసు పెట్టడానికి శిక్షాస్మృతిలో విడిగా సెక్షనే ఉంది. నేను గేటు పుస్తకం తెప్పించి అందులో నా చేతిరాతతో రాశాను. ఎస్కార్టు రానందున సూపరింటెండెంట్ స్వయంగా పదకొండుమంది ఖైదీలను కోర్టులో హాజరుపరచడానికి తీసుకెళ్తున్నాడు. నిర్ణయం అతనిది ఒక్కడిదే. సిబ్బంది అతని ఆజ్ఞ పాటించారు. సంతకం పెట్టి ఏసుదాసు ముందుకు తోశాను.

అతను రెండుసార్లు చదివి, టోపీ సర్దుకున్నాడు. “ఇంక ఎండెక్కకముందే వెళ్దాం పదండి,” అన్నాడు.

బేడీలు వేయలేదు. కోర్టు అనుమతి లేకుండా వేయకూడదు. పెరట్లో పదకొండు మందినీ నిలబెట్టి ఎక్కువేమీ చెప్పలేదు. “మీలో ఎవరైనా పరిగెత్తితే నా ఉద్యోగం పోతుంది. దాని గురించి మీకు పట్టక్కర్లేదు. కానీ ఆ తర్వాత ఇక్కణ్ణించి ఇలా ఎవరినీ ఎవరూ తీసుకెళ్లరు. అది ఆలోచించుకోండి,” అన్నాను.

ఒక వార్డరు సెలవులో ఉన్నాడు. జైలు దగ్గర ఇద్దరిని ఉంచి బయల్దేరాం. ముందు నేను, నా వెనక జంటలుగా ఖైదీలు, పక్కన ముగ్గురు వార్డర్లు, చివర ఏసుదాసు. అది చెరుకు క్రషింగు రోజులు. ఉయ్యూరు ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్లతో రోడ్డు నిండి ఉంది. బస్టాండు దగ్గర జనం ఆగి చూస్తున్నారు. సోడా బండివాడు సీసా కొట్టడం ఆపేశాడు. మలుపు దగ్గర నేనూ, నాంచారయ్యతో సహా ఆరుగురు ఖైదీలూ రోడ్డు దాటాం. వెనకవాళ్లు దాటబోతుండగా ఒక ట్రాక్టరు హారన్ కొడుతూ మధ్యలో దూరింది. దానికి రెండు ట్రక్కులు, రెండిటి నిండా మనిషెత్తు చెరుకు. దాన్ని ఆపబోయి ముగ్గురు వార్డర్లూ నా వైపుకే వచ్చేశారు. అవతల అయిదుగురు ఖైదీలు, వాళ్లకు కాపలా అరవయ్యేళ్లకు దగ్గరపడిన ఏసుదాసు ఒక్కడు. నాకేమీ కనిపించడం లేదు. వాళ్ల వెనక వైపు సందు, సందు చివర కాలవ కట్ట ఉన్నాయి.

ఆ ట్రాక్టరు కదలడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ముందున్న ఎడ్లబండి తప్పుకునేదాకా అది ఆగిపోయింది. నేను చేసింది తప్పని ఆ కాసేపూ నమ్మాను. ఇంట్లో ఏం చెప్పాలో కూడా అనుకున్నాను.

చెరుకు కదిలి రోడ్డు కనబడేసరికి అయిదుగురూ రోడ్డు పక్క దుమ్ములో గొంతుక్కూర్చుని ఉన్నారు. ఇద్దరిద్దరు జంటలుగా, చివర ఒకడు ఒంటరిగా, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని. జైల్లో పూటపూటా లెక్కకు అలాగే కూర్చోబెడతాం. ఏసుదాసు లాఠీ పట్టుకుని నోరు తెరిచి వాళ్లనే చూస్తున్నాడు.

“నేనేం చెప్పలేదండి. నాకు నోరే పెగల్లేదు,” అన్నాడు తర్వాత. వాళ్లలో నాలుగైదుసార్లు జైలుకు వచ్చి వెళ్లిన జేబుదొంగ ఒకడున్నాడు. కూర్చోమని మిగతావాళ్లకు చెప్పింది అతనేనట. లెక్క తప్పితే అయ్యకి మాటొస్తది, కూర్చోండెహె అన్నాడట.

దీన్ని నేను నా మంచితనానికి దక్కిన గౌరవంగా ఎప్పుడూ చెప్పుకోలేదు. అదే జేబుదొంగ మరుసటి ఏడాది ఇంకో ఊళ్లో పోలీసుల చేతిలోంచి పారిపోయాడు. ఆ రోజు మాత్రం అతనికి కోర్టుకు వెళ్లాలని ఉంది. మూడు నెలలుగా అడుగుతున్నాడు. పారిపోవడం కంటే హాజరు కావడం వల్ల తనకు మేలని అతను లెక్క వేసుకున్నాడు. కమిటీ ఫారంలో నేను రాయలేకపోయిన ముక్క అదే.

కోర్టులో కొత్త మేజిస్ట్రేట్ ఉన్నారు. చేరి వారం కూడా కాలేదు. ముప్పై దాటని అమ్మాయి. పదకొండు మంది ఒకేసారి లోపలికి వచ్చేసరికి గుమాస్తా లేచి నిలబడ్డాడు.

“ఎస్కార్ట్ పార్టీ ఏది?” అని ఆవిడ అడిగారు.

“రాలేదు మేడమ్. సబ్ జైలు సూపరింటెండెంట్‌ని. నేనే తీసుకొచ్చాను.”

“మీకు ఆ అధికారం ఉందా?”

“లేదు మేడమ్.”

“మరి?”

“మనిషిని చూడకుండా రిమాండు పొడిగించే అధికారం కూడా ఎవరికీ లేదు మేడమ్.”

గుమాస్తా తల వంచుకుని బల్ల మీద కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. వకీళ్లు నన్నే చూస్తున్నారు. ఆవిడ పెన్ను మూత తీసి, “వాళ్లని బెంచీల మీద కూర్చోబెట్టండి. ఒక్కొక్కళ్లనే పిలుస్తాను,” అన్నారు.

నాంచారయ్య వంతు వచ్చినప్పుడు ఏమైనా చెప్పుకుంటావా అని అడిగారు. “గట్టు తెగిందండీ. చేప కొల్లేట్లోకొచ్చింది. కొల్లేట్లో వల నేను ఊహ తెలిసిన కాణ్ణుంచి వేస్తన్నానండీ,” అన్నాడు. అది విచారణలో తేలే విషయమని ఆవిడ చెప్పి, తేదీలు చూశారు. చార్జిషీటు వేయలేదని రాసుకున్నారు. ఇద్దరు జామీనుదార్ల మీద బెయిలు ఇచ్చారు.

వీరమ్మ కోర్టు వరండాలో ఉంది. ఆవిడ వెంట ఒక్కడే జామీనుదారు ఉన్నాడు. రెండో అతను క్రితం వాయిదాకే విసిగిపోయి, ఇంక రానని చెప్పేశాడట. బెయిలు ఆర్డరు చేతిలో ఉండి కూడా నాంచారయ్య మాతో పాటు మళ్లీ జైలుకే నడిచొచ్చాడు. వీరమ్మ గేటు దాకా వెంట వచ్చి, “నాలుగు రోజుల్లో తెస్తానండీ ఇంకో మనిషిని. మీరు మాత్రం ఈయన్ని ఇంకెక్కడికీ పంపించెయ్యకండి,” అంది. అయిదో రోజున పక్క ఊరి స్కూలు మాస్టారిని తీసుకొచ్చింది. ఆ సాయంత్రం అతన్ని విడుదల చేశాం.

నెలాఖరుకు నాకు చార్జి మెమో వచ్చింది. మూడు అభియోగాలు. పోలీసు ఎస్కార్టు లేకుండా ఖైదీలను గేటు దాటించడం. జైలు భద్రతను ప్రమాదంలో పెట్టడం. బహిరంగ న్యాయస్థానంలో శాఖ గౌరవానికి భంగం కలిగేలా మాట్లాడడం. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఆ ఆదివారం ఇంటికి వెళ్లి ఒక పేజీలో రాశాను. మొదటి అభియోగం నిజం. రెండోదానికి, పదకొండు మంది వెళ్లారు, పదకొండు మంది వచ్చారు, గేటు పుస్తకం చూడగలరు. మూడోదానికి, న్యాయస్థానం అడిగింది, నిజం చెప్పాను. చివర ఒక వాక్యం కలిపాను, ఎస్కార్టు రాని రోజు మళ్లీ ఇలాగే చేస్తానని.

నా భార్య అది చదివి, “ఈ చివరి వాక్యం ఉంచుతారా?” అంది.

“తీసెయ్యమంటావా?”

“తీసెయ్యమనడం లేదు. రేపు పైవాళ్లు పిలిచి అడిగితే అక్కడ కూడా ఇదే మాట అంటారా అని అడుగుతున్నా. అననప్పుడు రాయడం దేనికి?”

ఉంచాను. చార్జి మెమో సంగతి బయటపడ్డాక రెండు నెలల పాటు ఎస్కార్టు ఒక్కరోజు కూడా తప్పకుండా వచ్చింది. సిబ్బంది కొరత అన్నది ఎంత వరకు నిజమో నాకు అప్పుడు తెలిసింది.

మార్చి నెలాఖరులో కమిటీ మా జైలుకు వచ్చింది. ముగ్గురు సభ్యులు. ఆర్థిక శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు, పోలీసు అధికారి ఒకరు, మా శాఖవారు ఒకరు. ఎస్కార్టు మళ్లీ తప్పడం మొదలైన వారం అది. ఆ రోజు కూడా రాలేదు, ముగ్గురు ఖైదీల వాయిదా ఉంది. కమిటీ తిరిగి వెళ్లాక వాళ్లను నేనే తీసుకెళ్తానని గేటు పుస్తకంలో ముందే రాసి పెట్టాను. మా శాఖ సభ్యుడు అది చూసి నా వంక చూశారు.

పెద్దాయన నా ప్రతిపాదన తెచ్చుకున్నారు. “మీరు ఖర్చు రాశారు. ప్రయోజనం దగ్గర మనుషుల పేర్లు రాశారు. తలుపు పెడితే ప్రభుత్వానికి మిగిలేదేంటో చెప్పండి,” అన్నారు.

“ఆ తలుపు లేనందువల్ల ఇప్పటికే ఒక ఖర్చు అవుతోందండి. అది పెడుతున్నది ప్రభుత్వం కాదు కాబట్టి మీ ఫారంలో దానికి కాలమ్ లేదు.”

“కాలమ్ లేనిదాన్ని నేను కూడలేను కదా.”

“అయితే ఆ కూడిక తప్పండి.”

పోలీసు అధికారి నవ్వి, ఈయన్ని జైళ్ల శాఖలో కాదు, కోర్టులో వెయ్యాల్సింది అన్నారు. పెద్దాయన నవ్వలేదు. పదిన్నర కావస్తోంది. ఆ గోడ ఏదో చూపించమన్నారు. పెరట్లోకి తీసుకెళ్లాను. ఖైదీలు గోడ నీడన వరసగా కూర్చుని ఉన్నారు.

సరిగ్గా అప్పుడు అవతల బంట్రోతు పిలుపు మొదలైంది. మొదటి రెండు పేర్లు బయటివాళ్లవి. మూడో పేరు పిలవగానే, మా వరసలో కూర్చున్న ఒక మనిషి లేచి నిలబడి, గోడ వైపు తిరిగి, “ఉన్నానండీ!” అన్నాడు. అవతల వినబడలేదు. బంట్రోతు మళ్లీ పిలిచాడు. ఇతను మళ్లీ, ఇంకాస్త గట్టిగా, “ఉన్నానండీ, ఇక్కడున్నాను!” అన్నాడు. మూడోసారి కూడా పిలిచి, బంట్రోతు తర్వాతి పేరుకు వెళ్లిపోయాడు. ఇతను కూర్చున్నాడు.

నేను చెప్పి చేయించిందేమో అన్నట్టు పోలీసు అధికారి నన్ను అనుమానంగా చూశారు. ఏసుదాసు కల్పించుకుని, “ఎస్కార్టు రాని రోజు ఇంతేనండి. వద్దన్నా లేస్తారు,” అన్నాడు. పెద్దాయన గోడను చేత్తో తట్టి, మందం ఎంతని అడిగారు. చెప్పాను. కాగితం మీద ఏదో రాసుకుని, ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయారు.

మే నెలలో నా మీద ఉత్తర్వు వచ్చింది. ఒక ఏడాది ఇంక్రిమెంటు ఆపారు, జూన్‌లో బదిలీ చేశారు. సంజాయిషీలోని చివరి వాక్యాన్ని ఉత్తర్వులో యథాతథంగా ఎత్తి రాసి, పశ్చాత్తాపం లేదన్నారు. ఆ వాక్యంతో నాకు పేచీ లేదు. ఏసుదాసుకు ఏ ఇబ్బందీ రాలేదు. సెప్టెంబరులో పూర్తి పెన్షన్‌తో రిటైరయ్యాడు.

తలుపు రెండేళ్ల తర్వాత పెట్టారు. మంజూరు ఉత్తర్వు నకలు అక్కడి తర్వాతి సూపరింటెండెంట్ నాకు పంపాడు. ప్రయోజనం అన్న చోట ఎస్కార్టు వాహనాల డీజిల్ ఆదా, పోలీసు సిబ్బంది బత్తాల ఆదా అని ఉంది. ఖైదీ అన్న మాట ఒక్కసారి కూడా లేదు. ఆ భాష పెద్దాయనదేనని నా అనుమానం. ఫైలు ఏ మాటకు కదులుతుందో ఆయనకు తెలుసు. అది తెలివైన పనేనని స్నేహితులు చాలామంది అన్నారు. తలుపు వచ్చింది కదా, ఎందుకొస్తే ఏం అన్నారు. నేనొప్పుకోలేదు. డీజిల్ కోసం పెట్టిన తలుపును, డీజిల్ ఆదా లేదని తేలిన రోజున మూసేయవచ్చు. అందుకే కారణం సరిగ్గా రాసి ఉండాలి.

నాంచారయ్య కేసు కొట్టేశారని ఏసుదాసు ద్వారా తెలిసింది. సరస్సులో దొరికిన చేపలు ఫలానా చెరువువేనని ఎవరూ రుజువు చేయలేకపోయారట.

తర్వాత తొమ్మిదేళ్లు వేరే జైళ్లలో పనిచేశాను. వంటశాలలు, ఆస్పత్రి గదులు, చివరి రోజుల్లో కోర్టులతో మాట్లాడే వీడియో యంత్రాలు, వీటన్నిటికీ ఖర్చు–ప్రయోజనం ఫారాలు నింపాను. ప్రతి ఫారంలోనూ రూళ్లకర్రతో మూడో కాలమ్ గీసి, ఈ పని చేయకపోతే నష్టపోయేది ఎవరు, ఏ మేరకు అని పేర్లతో రాశాను. కొన్ని ఆ కాలమ్ ఉందన్న కారణంతోనే తిరిగొచ్చాయి. మళ్లీ గీసి పంపాను. కొన్ని మంజూరయ్యాయి, కొన్ని కాలేదు.

నేను నేర్చుకున్నది ఇంతే. ఒక పని చేయడానికి అయ్యే ఖర్చు అడిగిన ప్రతివాడూ, చేయకపోవడానికి అవుతున్న ఖర్చు ఎవరు మోస్తున్నారో కూడా అడగాలి. ఆ మోస్తున్నవాడి పేరు లేని లెక్క మీద అధికారి సంతకం పెట్టకూడదు. నాకు పడిన శిక్ష మీద అప్పీలుకు మూడు నెలల గడువు ఇచ్చారు. నిబంధన దాటాను కాబట్టి అప్పీలు చేయలేదు. ఆ రోజు చేసింది తప్పని మాత్రం ఏ కాగితం మీదా రాసివ్వలేదు.